ఎం.ఇ. స్కూలులో చేరే పిల్లలు: ఒడిశా సరిహద్దు తెలుగు తల్లిదండ్రులు చేయవలసిన పనులు

పర్లాకిమిడి, బరంపురం, గుణుపురం, రాయగడ ప్రాంతాల తెలుగు ఇళ్ళలో, పిల్లల ఐదో తరగతి ముగిసే వేళకు పెద్దలకు ఒక బెంగ మొదలవుతుంది. ఇప్పటిదాకా వీధి చివరి బడిలో, ఒకరిద్దరు ఉపాధ్యాయుల చేతుల మీదుగా, తెలుగూ ఒడియా కలగలిపి మాట్లాడుకుంటూ సాగిపోయిన చదువు, ఆరో తరగతిలో ఎం.ఇ. స్కూలుకో (మిడిల్ ఇంగ్లీషు స్కూలు, అంటే ఇక్కడి మాధ్యమిక బడి) హైస్కూలుకో మారగానే పూర్తిగా ఒడియాలోకో, ఇంగ్లీషు మాధ్యమమైతే ఇంగ్లీషులోకో వెళ్ళిపోతుంది. ఆంధ్రా వైపు నుంచి ఉద్యోగరీత్యా బదిలీ అయి వచ్చిన కుటుంబాలకైతే ఈ మార్పు మరీ హఠాత్తుగా ఎదురవుతుంది. మాది అటువంటి కుటుంబమే. మా ఇద్దరు పిల్లలూ ఒకరి తరువాత ఒకరు ఈ దారి దాటారు. పెద్దవాడి విషయంలో మేము చేసిన పొరపాట్ల నుంచి నేర్చుకున్నది చిన్నదాని విషయంలో పనికివచ్చింది. ఆ అనుభవంతోనే ఇది రాస్తున్నాను.

బడి మారడం, భాష మారడం

ఆరో తరగతి బరువు పిల్లల ఊహ మాత్రమే కాదు, చట్టంలోనే ఉంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు నిర్ణయించగా, ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 220 పనిదినాలు, 1,000 గంటలు నిర్ణయించింది. అంతేకాక విజ్ఞానశాస్త్రం, గణితం బోధించడానికి ఒకరు, సాంఘికశాస్త్రానికి ఒకరు, భాషలకు ఒకరు చొప్పున కనీసం ముగ్గురు ఉపాధ్యాయులు ఉండాలని చెప్పింది. అంటే అదివరకు ఒకే మాష్టారి కోపతాపాలు తెలుసుకుంటే సరిపోయిన బిడ్డ, ఇప్పుడు గంట గంటకూ మారే మనుషుల తీరులను, వాళ్ళ నోటుబుక్కుల నియమాలను, వాళ్ళు ప్రశ్నలు అడిగే పద్ధతులను విడివిడిగా గుర్తుపెట్టుకోవాలి. ఇది ఏ ఊళ్ళోనైనా, ఏ భాషలోనైనా ఆరో తరగతి పిల్లలందరికీ ఉండే ఇబ్బందే. అయితే మన ఇళ్ళలో దీనికి భాష కూడా తోడవుతుంది. ఈ రెండూ ఒకేసారి వచ్చిపడడం వల్ల, ఏ ఇబ్బంది దేనిదో పిల్లలకూ తెలియదు, పెద్దలకూ తెలియదు. చివరికి ఆ నెపమంతా బిడ్డ తెలివి మీదకు పోతుంది.

మా పెద్దవాడు శ్రీకాకుళం జిల్లాలో ఐదో తరగతి దాకా చదివి, ఇక్కడ ఆరో తరగతిలో చేరాడు. లెక్కల్లో ఏనాడూ తడబడనివాడికి మొదటి పరీక్షలో సగం మార్కులు కూడా రాలేదు. నేను కోప్పడ్డాను, వాళ్ళ నాన్న ట్యూషను పెట్టించారు, ట్యూషను మాష్టారు మళ్ళీ మూడో ఎక్కం నుంచి మొదలుపెట్టారు. నెల రోజుల తరువాత ఒక సాయంత్రం వాడి జవాబు కాగితాన్ని పక్కింటి ఒడియా ఆవిడ చూసి నవ్వింది. ఒడియా అంకెల్లోని నాలుగు చూడడానికి మనకు అలవాటైన ఇంగ్లీషు ఎనిమిదిలా ఉంటుంది. ప్రశ్నపత్రంలో నాలుగు ఉన్న ప్రతి చోటా మావాడు ఎనిమిది అని చదువుకొని, ఆ ఎనిమిదితో లెక్కంతా తప్పులేకుండా చేసిపెట్టాడు. వాడికి లెక్క వచ్చు, అంకె రాదు. ఆ తేడా కనిపెట్టడానికి మాకు ఒక నెల, ట్యూషను ఖర్చు, వాడి కన్నీళ్ళు పట్టాయి.

కాబట్టి అన్నిటికంటే ముందు నేర్చుకోవలసింది ఒక చిన్న పరీక్ష. బిడ్డకు ఏదైనా పాఠంలో తక్కువ మార్కులు వస్తే, అదే ప్రశ్నను మీరు తెలుగులో, నోటితో అడగండి. తెలుగులో అడిగినప్పుడు జవాబు చెప్పగలిగితే లోపం భాషది, దానికి మందు వేరు. తెలుగులో అడిగినా చెప్పలేకపోతే లోపం పాఠంలో ఉంది, అప్పుడు పాఠం మళ్ళీ చెప్పాలి. తెలుగులో చెప్పగలిగి, ఒడియాలో కూడా నోటితో చెప్పగలిగి, రాయడం దగ్గర మాత్రమే ఆగిపోతే, అది లిపి అలవాటుకు సంబంధించినది. దానికి రోజూ పది పంక్తుల చూచిరాత చాలు. ఈ మూడింటినీ విడదీయకుండా ట్యూషను పెట్టించడం, ఏ నొప్పికైనా ఒకే మాత్ర వేయడం వంటిది. ప్రతి యూనిట్ పరీక్ష తరువాతా, మార్కులు చూసి నొచ్చుకునే ముందు, ఈ పని ఒక్క అరగంట చేయండి.

మార్చిలోనే పూర్తిచేయవలసిన కాగితాల పని

ఒడిశాలో కొత్త తరగతులు ఏప్రిల్ మొదట్లోనే ప్రారంభమవుతాయి. కొన్ని వారాల పాటు ఎండ ముదరక ముందే ముగిసే పొద్దుటి బడి నడిచి, ఆ తరువాత వేసవి సెలవులు ఇస్తారు. ఆంధ్రాలో కొత్త తరగతి జూన్‌లో మొదలవుతుంది కనుక, అక్కడ ఐదో తరగతి పూర్తిచేసి వచ్చే పిల్లలు ఇక్కడ ఆరో తరగతిలోని మొదటి పాఠాలను తెలియకుండానే పోగొట్టుకుంటారు. ఏప్రిల్‌లో రాలేకపోయినా, ఆ నెలలోనే బడికి వెళ్ళి పాఠ్యపుస్తకాల సంగతి, జరిగిన పాఠాల సంగతి కనుక్కుంటే, వేసవిలో తాతగారింట కూర్చొని వాటిని నెమ్మదిగా చూసుకోవచ్చు. ఆలస్యంగా వచ్చారన్న కారణంతో చేర్చుకోకుండా ఉండడానికి విద్యాహక్కు చట్టం ఒప్పుకోదు. పాత బడి టి.సి. ఇవ్వడంలో జాప్యమైనా ఆ కారణం చూపి కొత్త బడి చేరికను ఆపకూడదు. అయినా రాష్ట్రం మారినప్పుడు టి.సి. మీద విద్యాధికారి ప్రతిసంతకం అడగడం చాలా చోట్ల ఆనవాయితీ కనుక, బయలుదేరక ముందే ఆ సంతకం వేయించుకుంటే తరువాత తిరుగుడు తప్పుతుంది. కుల ధ్రువపత్రాల జాబితాలు రాష్ట్రానికొక తీరుగా ఉంటాయి. ఆంధ్రాలో తీసుకున్నది ఇక్కడ చెల్లుతుందని నమ్ముకొని కూర్చోకండి.

కాగితాల్లో అందరూ తేలిగ్గా తీసుకునేది పేరు. మనం ఇంటిపేరును ముందు రాసి, చాలాసార్లు ఒక పొడి అక్షరంతో సరిపెడతాం. ఒడిశాలో వంశనామం చివర వస్తుంది. చేర్పించే రోజున గుమాస్తా ఆ పొడి అక్షరాన్ని వదిలేసి, చివరి పేరు ఏదని అడిగితే, కంగారులో తండ్రి పేరులోని 'రావు'నో, తాతగారి పేరులోని మరొక ముక్కనో చెప్పేస్తాం. ఆధార్‌లో ఒకటి, జనన ధ్రువపత్రంలో ఒకటి, బడి రిజిస్టరులో మరొకటి అయి కూర్చుంటాయి. ఇప్పుడు రిజిస్టరులోకి ఎక్కిన పేరే చివరకు పదో తరగతి సర్టిఫికెట్ దాకా ప్రయాణం చేస్తుంది. ఒక తెల్ల కాగితం మీద బిడ్డ పేరును ఒడియాలోనూ ఇంగ్లీషులోనూ ఎలా రాయాలో ముందే తేల్చుకొని, ఆ కాగితాన్నే గుమాస్తా చేతికి ఇవ్వండి. ఒడియాలో వ్రాయించేటప్పుడు మన 'వ' అక్కడ 'బ' అవుతుందని గమనించండి. వెంకట అనే పేరు బెంకట అని రిజిస్టరులో కనబడితే కంగారు పడనవసరం లేదు, ఆ భాష పద్ధతే అది. ఇంగ్లీషు అక్షరాల్లో మాత్రం అన్ని కాగితాల్లోనూ ఒకే తీరుగా ఉండేలా చూసుకోండి.

చేర్పించే రోజు కాకుండా మరొక రోజున, బడి నడుస్తున్న వేళ, బిడ్డను వెంటబెట్టుకొని ఒకసారి బడి అంతా చూపించండి. తరగతి గది, మంచినీళ్ళ కుళాయి, మరుగుదొడ్డి, భోజనాల వరండా, సైకిలు నిలిపే చోటు ఎక్కడున్నాయో తెలిసిన పిల్లలు మొదటి రోజున సగమే భయపడతారు. పదకొండేళ్ళ పిల్లలకు పాఠం కంటే మరుగుదొడ్డి ఎక్కడో తెలియకపోవడమే పెద్ద బెంగ అని, నోరు తెరిచి అడిగితే గాని వాళ్ళు చెప్పరు.

ఒడియా పదాలు, మన చెవులు

తెలుగు తెలిసిన బిడ్డకు ఒడియా మరీ పరాయి భాష ఏమీ కాదు. సంస్కృతం నుంచి వచ్చిన మాటలు రెండింటిలోనూ బోలెడన్ని ఉన్నాయి, అక్షరాల వరుస ఒక్కటే, మన 'ళ' కూడా అక్కడ ఉంది. హిందీలో మాదిరిగా క్రియలకు ఆడ, మగ తేడా లేదు. ఈ చుట్టరికం మేలు చేస్తుంది, కాని చుట్టరికం వల్లనే కొన్ని చోట్ల మోసమూ జరుగుతుంది. ఒకే మాట రెండు భాషల్లో వేరు వేరు అర్థాల్లో ఉన్నప్పుడు, తనకు తెలుసుననుకొని బిడ్డ అడగనే అడగదు.

మచ్చుకు కొన్ని. ఒడియాలో 'శిక్షా' అంటే చదువు, మనకు శిక్ష అంటే దండన. మొదటి వారంలో ఎవరైనా 'శిక్షా' అనగానే మన పిల్లలు బిక్కచచ్చిపోవడంలో వింత లేదు. 'ఇతిహాస' అక్కడ చరిత్ర పాఠం, మనకు ఇతిహాసమంటే రామాయణ భారతాలు. మన 'చరిత్ర' అక్కడ నడవడి, స్వభావం అనే అర్థంలో వస్తుంది. 'ఉపన్యాస' అంటే నవల, 'ఆలోచనా' అంటే చర్చ, 'ప్రబంధ' అంటే వ్యాసం. 'అవకాశ' అంటే తీరిక, సెలవు. వేసవి సెలవులను 'గ్రీష్మావకాశ' అంటారు. 'ఖాతా' అంటే నోటుబుక్కు. "ఖాతా ఆణ" అని మాష్టారు అన్నప్పుడు, బ్యాంకు ఖాతాతో బడికేమి పని అని మా చిన్నది నిజంగానే అడిగింది. ఇటువంటి మాటల జాబితాను సెలవుల్లోనే ఇంట్లో కూర్చొని ఆటలాగా తయారుచేసుకోవచ్చు. నోటుబుక్కు పేజీని నిలువు గీతతో రెండు చేసి, ఎడమ వైపు ఒడియా మాట, కుడి వైపు తెలుగు అర్థం రాయించండి. రోజుకు ఐదు మాటలకు మించనీయకండి, ముప్ఫై రాయించి మూడు రోజుల్లో విసిగించడం కంటే ఇదే నిలుస్తుంది.

ఉచ్చారణ దగ్గర ముందే చెప్పవలసిన సంగతులు నాలుగైదు ఉన్నాయి. ఒడియా 'అ' మన 'అ'లా కాకుండా 'ఒ'కు దగ్గరగా పలుకుతుంది. పుస్తకంలో 'గణిత' అని ఉన్నదాన్ని మాష్టారు 'గొణితొ' అంటారు. 'క్ష'ను 'ఖ్య'గా, 'జ్ఞ'ను 'గ్య'గా, మాట మొదట్లో 'య'ను 'జ'గా పలుకుతారు. పరీక్షా, 'పరిఖ్యా' అవుతుంది. విజ్ఞానం, 'బిగ్యాన' అవుతుంది. యాత్ర, 'జాత్రా' అవుతుంది. శ, ష, స మూడూ దాదాపు ఒకే 'స'గా వినబడతాయి, రాతలో మాత్రం మూడూ వేరు. అందుకే చెప్పిరాతలో మన పిల్లలు చెవిని నమ్ముకుంటే దెబ్బతింటారు. ఇక్కడ తెలుగు తోడ్పడుతుంది. ఆ మాట తెలుగులో ఏ అక్షరంతో రాస్తామో గుర్తుచేసుకుంటే చాలాసార్లు సరైన అక్షరమే దొరుకుతుంది. తెలుగు ఇంట్లో పుట్టడం వల్ల కలిగే లాభమిది, బిడ్డకు ఈ మాట గట్టిగా చెప్పండి. ఇక ఒత్తు అక్షరాల సంగతి. మన ఇంటి మాటల్లో ఖ, ఘ, ఛ, ధ, భ సరిగా పలికే అలవాటు తక్కువ. ఒడియాలో 'భాత' అంటే అన్నం, ఒత్తు పోయి 'బాత' అయితే కీళ్ళ వాతం. మధ్యాహ్న భోజనం దగ్గర వాతం అడిగిన బిడ్డను తరగతి అంతా వారం రోజులు గుర్తుపెట్టుకుంటుంది.

లిపి చూడబోతే గుండ్రనిదే గాని, మన కళ్ళను మోసం చేసే అక్షరాలు ఉన్నాయి. ఒడియా 'ఠ' ఉత్త వలయంలా ఉంటుంది, మన పిల్లలు దాన్ని సున్న అని చదివేస్తారు. అంకెల సంగతి పైన చెప్పాను. ఒకటి నుంచి తొమ్మిది దాకా ఒడియా అంకెలను ఒక అట్ట మీద పెద్దగా రాసి, చదువుకునే బల్ల ముందు గోడకు అంటించండి. మొదటి నెలలో ఒడియా మాటల పలుకుబడిని తెలుగు అక్షరాల్లో రాసుకున్నా తప్పు లేదు. రెండో నెల నుంచి మాత్రం ఆ ఊతకర్ర తీసేయించాలి, లేకపోతే లిపి ఎన్నటికీ చేతికి రాదు.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం సర్వనామాల్లో ఉంది. మనకు నువ్వు, మీరు అనే రెండే మెట్లు. ఒడియాలో చనువుకు 'తు', సమానులకు 'తుమే', గౌరవానికి 'ఆపణ' అని మూడు మెట్లు, వాటితో పాటు క్రియల రూపాలూ మారతాయి. వీధిలో ఆడుకుంటూ నేర్చుకున్న ఒడియా అంతా 'తు'తోనే నడుస్తుంది కనుక, అదే మాట మాష్టారితో అనేసిన బిడ్డకు పొగరుబోతు అన్న పేరు వస్తుంది. ఆ పేరు ఎందుకు వచ్చిందో బిడ్డకు అర్థం కాదు. బడికి పంపే ముందు కనీసం రెండు వాక్యాలు గౌరవ రూపంలో కంఠస్థం చేయించండి. "ముఁ బుఝి పారిలి నాహిఁ" అంటే నాకు అర్థం కాలేదు అని, "ఆఉ థరే కుహంతు" అంటే మరొకసారి చెప్పండి అని అర్థం. ఈ రెండూ ధైర్యంగా అనగలిగిన బిడ్డ మిగిలిన భాషను తరగతిలోనే సంపాదించుకుంటుంది.

కొందరు తల్లిదండ్రులు ఇక్కడ ఒక తప్పు చేస్తారు. బిడ్డకు ఒడియా త్వరగా రావాలన్న ఆత్రంతో ఇంట్లో తెలుగు మానేసి, తమకు వచ్చీరాని ఒడియాలో మాట్లాడడం మొదలుపెడతారు. అందువల్ల తప్పుల ఒడియా అబ్బుతుంది, మనసులోని మాట చెప్పుకునే భాష ఇంట్లో లేకుండా పోతుంది. ఒడియాను పక్కింటి పిల్లల దగ్గర, తరగతి స్నేహితుల దగ్గర నేర్చుకోనివ్వండి. ఇంట్లో తెలుగే ఉండనివ్వండి. ఆదివారం ఒక అరగంట తెలుగు చదివించి, నెలకొకసారి అమ్మమ్మకు తెలుగులో ఉత్తరం రాయిస్తే అదీ చేజారదు. గిడుగు రామమూర్తి గారు 1880లో ఉద్యోగంలో చేరింది పర్లాకిమిడి మహారాజా వారి పాఠశాలలోనే. అప్పట్లో ఆయన పాఠం చెప్పింది ఫస్టు ఫారానికి, అంటే నేటి ఆరో తరగతికి. తరువాతి కాలంలో ఆయన ఇక్కడి గిరిజనులైన సవరల భాష నేర్చుకొని, సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పాలని పాఠపుస్తకాలు రాశారు. బడిలో నోరు విప్పని పిల్లవాడు మొద్దు కాకపోవచ్చునని ఈ ఊళ్ళో నూరేళ్ళ కిందటే కనిపెట్టినవారున్నారు, మనకే ఆలస్యంగా తెలుస్తోంది.

ఒడియా, ఇంగ్లీషుల మీద ఆరో తరగతి నుంచి హిందీయో సంస్కృతమో మూడో భాషగా వస్తుంది. ఎంచుకునే వీలు ఉంటే, తెలుగు బాగా చదవగలిగిన బిడ్డకు సంస్కృతం తేలిక అని నా అభిప్రాయం.

టైంటేబులు, సంచి, ఇంటి పని

ప్రతి రాత్రీ పడుకునే ముందు మరునాటి టైంటేబులు చూసి సంచి సర్దుకునే పని బిడ్డ చేతనే చేయించండి. మొదటి రెండు వారాలు పక్కన కూర్చోండి, మూడో వారం నుంచి దూరంగా ఉండి చూడండి, తరువాత చూడడం కూడా మానేయండి. ఒక రోజు పుస్తకం మరచిపోయి మాట పడితే పడనివ్వండి. పుస్తకం పట్టుకొని బడి గేటు దాకా పరుగెత్తే తండ్రిని మా వీధిలో రోజూ చూస్తున్నాను, ఆ పిల్లవాడు ఇప్పుడు తొమ్మిదో తరగతి. ఒక్కొక్క ఉపాధ్యాయునికి ఒక్కొక్క రంగు అట్ట వేసిన నోటుబుక్కు కేటాయిస్తే, తెలియని లిపిలో పేరు చదువుకోనవసరం లేకుండా రంగు చూసి తీసుకోవచ్చు.

2020 నాటి బడిసంచి విధానం ప్రకారం ఆరు, ఏడు తరగతుల పిల్లల సంచి రెండు, మూడు కిలోలు దాటకూడదు, ఇంటి పని రోజుకు గంటకు మించకూడదు. మన పిల్లలకు ఆ గంటలో కొంత అర్థం వెతుక్కోవడానికే పోతుంది. అందుచేత ముందు తెలుగులో పాఠం సారాంశం చెప్పించి, తరువాత ఒడియాలో జవాబు రాయించండి. రెండున్నర గంటలు కూర్చున్నా పని తెమలడం లేదంటే అది బిడ్డ బద్ధకం కాదు, ఆ సంగతి ఉపాధ్యాయునితో మాట్లాడవలసిన సమయం వచ్చిందని గ్రహించండి.

ఏప్రిల్‌లో పొద్దుటి బడి ఉన్నన్నాళ్ళూ నిద్ర సంగతి ప్రత్యేకంగా చూసుకోవాలి. ఆరు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకు రోజుకు తొమ్మిది నుంచి పన్నెండు గంటల నిద్ర అవసరం. పొద్దున్న ఐదింటికి లేవవలసిన బిడ్డ రాత్రి ఎనిమిదింటికే పడుకోవాలి, అంటే ఇంట్లో టీవీ, ఫోను కూడా ఎనిమిదింటికే పడుకోవాలి.

ఒంటి సంగతులు

బడి భోజనం కూడా ఆరో తరగతిలో పెరుగుతుంది. ఐదో తరగతి దాకా బిడ్డకు 100 గ్రాముల బియ్యం లెక్క అయితే, ఆరు నుంచి ఎనిమిది దాకా 150 గ్రాములు. కూరగాయలు వేసి వండే ఇక్కడి పప్పు, డాల్మా, రుచిలో మన పప్పుకు దూరం కాదు, ఒకటి రెండుసార్లు ఇంట్లో వండిపెట్టి అలవాటు చేస్తే మొదటి రోజున పళ్ళెం పక్కకు నెట్టరు. వారానికొకసారి ఇచ్చే నీలం రంగు ఇనుము మాత్ర ఈ వయసు నుంచే మొదలవుతుంది. ఖాళీ కడుపున వేసుకుంటే వికారం పుట్టవచ్చు. అన్నం తిన్న తరువాతే వేసుకోవాలనీ, మరునాడు మలం నల్లగా కనబడినా భయపడనవసరం లేదనీ ముందే చెప్పి ఉంచండి.

ఆడపిల్లలకు ఈ రెండు మూడేళ్ళలోనే నెలసరి మొదలవుతుంది. బడిలో మొదలైతే ఏమి చేయాలో, ఎవరికి చెప్పాలో తల్లి ముందుగానే చెప్పాలి. ఆ రోజు దిదితో (ఉపాధ్యాయినిని ఇక్కడ అలా పిలుస్తారు) ఒడియాలో ఏ మాట అనాలో కూడా నేర్పాలి, ఎందుకంటే ఆ మాట వీధి ఒడియాలో దొరకదు. ఒడిశా ప్రభుత్వం 2018లో ఖుషీ పేరుతో ఆరు నుంచి పన్నెండో తరగతి ఆడపిల్లలకు బడిలోనే ఉచితంగా ప్యాడ్లు ఇచ్చే పథకాన్ని ప్రారంభించింది. మీ బడిలో ఎవరి దగ్గర ఉంటాయో చేర్పించిన రోజునే కనుక్కోండి. పెద్దమనిషి అయిన వేడుక పేరుతో పది పదిహేను రోజులు బడి మాన్పించే అలవాటు మన ఇళ్ళలో ఇంకా ఉంది. కొత్త బడిలో, కొత్త భాషలో ఉన్న పిల్ల పదిహేను రోజుల పాఠాలు పోగొట్టుకొని తిరిగి అందుకోవడం ఎంత కష్టమో పెద్దవాళ్ళకు నచ్చజెప్పి, వేడుకను సెలవుల్లోకి మార్చుకోవడం మంచిది. మా ఇంట్లో ఈ మాట మీద మా అత్తగారు నాతో మూడు రోజులు మాట్లాడలేదు. తరువాత ఆవిడే మనవరాలి నోటుబుక్కుకు అట్ట వేసింది.

వెక్కిరింతలు

యాసను వెక్కిరించే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఒకరిద్దరుంటారు. మాట తప్పు పోయినప్పుడు నవ్వడం వేరు, రోజూ ఒకే బిడ్డను పట్టుకొని ఏడిపించడం వేరు. మొదటిదానికి బిడ్డ తానే నవ్వేయడం నేర్చుకోవాలి. రెండోది మీరు చెప్పేదాకా ఆగదు. అన్నం తినకపోవడం, ఆదివారం సాయంత్రాల్లో కడుపునొప్పి రావడం, బడి సంగతులు చెప్పే బిడ్డ ఉన్నట్టుండి చెప్పడం మానేయడం ఆరు వారాల తరువాత కూడా కొనసాగితే, సర్దుకుంటుందిలే అని వదిలేయవద్దు. కొట్టడాన్నీ, మనసు గాయపడేలా వేధించడాన్నీ విద్యాహక్కు చట్టం 17వ సెక్షను ఉపాధ్యాయులకు సైతం నిషేధించింది. మరీ దిక్కుతోచని స్థితిలో పిల్లల సహాయవాణి 1098 నంబరుకు పిల్లలైనా, పెద్దలైనా ఫోను చేయవచ్చు.

స్నేహానికి పండగలు మంచి దారి. జూన్ మధ్యలో రజో పండగకు ఒడియా ఇళ్ళలో ఉయ్యాలలు కడతారు, వసంత పంచమికి బడిలోనే సరస్వతీ పూజ పెద్దగా చేస్తారు. ఆ రోజుల్లో ఆంధ్రాలోని చుట్టాల ఊరికి ప్రయాణం పెట్టుకోకుండా బిడ్డను ఇక్కడే ఉంచితే, తరగతిలో సగం పరాయితనం అక్కడే పోతుంది. సంక్రాంతికి వాళ్ళ స్నేహితులను మన ఇంటికి అరిసెలకు పిలిస్తే మిగిలిన సగం సంగతి అరిసెలు చూసుకుంటాయి.

ఉపాధ్యాయులను కలిసేటప్పుడు

మొదటి నెలలో ఒకసారి, ఫిర్యాదు ఏదీ లేనప్పుడే తరగతి ఉపాధ్యాయుని కలవండి. "మా ఇంట్లో తెలుగు మాట్లాడతాం, బిడ్డకు ఒడియా చదవడం ఇప్పుడిప్పుడే వస్తోంది, లెక్కలు మాత్రం బాగా వచ్చు" అన్న మూడు ముక్కలు ఆయనకు తెలిస్తే, నోరు విప్పని బిడ్డను ఆయన చూసే తీరు మారుతుంది. ముందు బెంచీలో కూర్చోబెట్టమని, తరగతిలో ఒడియాతో పాటు తెలుగు కూడా తెలిసిన పిల్లలు ఎవరైనా ఉంటే పక్కన కూర్చోబెట్టమని అడగడంలో మొహమాటం అక్కరలేదు. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లోని యాజమాన్య సంఘంలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి. ఒడియా రాదన్న సంకోచంతో మనవాళ్ళు ఆ సమావేశాల ఛాయలకు పోరు. అక్కడ లేనివాళ్ళ కష్టం ఆ కాగితాల మీదకు ఎక్కదు.

ఈ సమావేశాలకు బిడ్డను దుబాసీగా తీసుకుపోకండి. మాకు ఒడియా అంతంతమాత్రంగా వచ్చిన రోజుల్లో మావాణ్ణే పక్కన నిలబెట్టుకొని వాళ్ళ మాష్టారితో మాట్లాడాం. ఆయన వేలు చూపిస్తూ, తల అడ్డంగా ఊపుతూ రెండు నిమిషాలు మాట్లాడారు. మావాడు అంతా శ్రద్ధగా విని, "నేను బాగానే చదువుతున్నానట" అన్నాడు. అప్పటి నుంచి రెండు భాషలూ వచ్చిన పక్కింటి ఆవిడను వెంటబెట్టుకొని వెళ్తున్నాము.